నిత్యకృత్యం – క్రియారూపం: తెలుగు కవితలో దినచర్య ఏకరూపత

తెలుగు కవిత్వ విమర్శలో పదచిత్రానికి దక్కిన ఆదరం క్రియాపదానికి దక్కలేదు. కవితలోని ఉపమానాలను, ప్రతీకలను ఎత్తిచూపి వాటి ఔచిత్యాన్ని చర్చించడం విమర్శకులకు పరిపాటి. ఆ కవిత వాక్యాలు ఏ కాలంలో నడిచాయి, ఒక్క కర్తకు ఎన్ని క్రియలు అతికాయి, అసమాపక క్రియలు ఎక్కడ పోగుపడి ఎక్కడ ముగిశాయి అన్న ప్రశ్నలు వ్యాకరణ పరిశోధకులకే మిగిలిపోయాయి. ఈ నిర్లక్ష్యం అన్ని రకాల కవిత్వానికీ సమానంగా నష్టం చేయలేదు. ప్రకృతిని, ప్రణయాన్ని, వీరాన్ని చెప్పే కవిత పదచిత్రం మీదనే చాలావరకు నిలబడగలదు. నిన్నటి పనినే ఇవాళ, ఇవాళటి పనినే రేపు చేసే జీవితాన్ని చెప్పే కవితకు మాత్రం ప్రాణం క్రియలో ఉంటుంది. ఆ కవితను పదచిత్రాల తూకంతో తూచినప్పుడు అది తేలికగా కనబడడంలో ఆశ్చర్యం లేదు. స్త్రీవాద కవిత్వం వెలువడిన నాటినుండి దానిమీద వినవస్తున్న ‘పునరుక్తి’, ‘వచనప్రాయం’ అన్న అభియోగాలను ఈ కోణం నుంచి పునఃపరిశీలించవలసి ఉంది. అందుకు ముందుగా దినచర్యలోని ఏకరూపత తెలుగు కవితలోకి ఏ దారిన వచ్చిందో చూడాలి.

కావ్యసంప్రదాయంలో దానికి చోటు తక్కువ. దండి కావ్యాదర్శంలో మహాకావ్యానికి చెప్పిన వర్ణనలను మన లాక్షణికులు అష్టాదశ వర్ణనలుగా స్వీకరించారు. అందులో సూర్యోదయం ఉంది. సూర్యోదయంతో మొదలయ్యే పని లేదు. ఉద్యానవిహారం, జలక్రీడ, మధుపానం ఉన్నాయి. ఆ విహారం నుండి తిరిగివచ్చిన వారికి అన్నం వండిన చేతులు లేవు. అయితే ప్రబంధకవులు ఇంటిపనిని అసలే చూడలేదనడం సరికాదు. ఆముక్తమాల్యద వర్షర్తువర్ణనలో శ్రీకృష్ణదేవరాయలు తడిసిన కట్టెలతో అవస్థపడే ఇల్లాలిని చూపాడు. పొయ్యి రాజుకోదు, నిప్పు కోసం పొరుగిళ్ళ గడపలు ఎక్కవలసి వస్తుంది, తీరా రాజుకున్నా పొగ. తెలుగు ప్రబంధాలలో వంటింటి శ్రమను ఇంత దగ్గరగా చూసిన పద్యాలు అరుదు. కాని ఆ పని పద్యానికి ఎక్కినది వాన దానికి అడ్డుపడినందువల్ల. వాన లేని రోజున అదే ఇల్లాలు అదే పొయ్యిని రాజేస్తుంది. ఆ రోజుకు పద్యం లేదు. ఇది రాయల లోపం కాదు. సామాన్యస్థితి నుండి తప్పుకోవడాన్నే వర్ణనీయంగా భావించే అలంకారదృష్టికి, నిర్విఘ్నంగా సాగే పని కంటికి ఆనదు.

శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న పలనాటి చాటువులు మరో కోణాన్ని చూపుతాయి. ఏ పూట చూసినా జొన్నకూడే అన్న ఆక్షేపణ వాటిలో ప్రసిద్ధం. ఆహారంలోని ఏకరూపతను నేరుగా వస్తువు చేసుకున్న పద్యాలుగా వాటిని గుర్తించవచ్చు. అయితే మాట్లాడుతున్నది దారినపోయే కవి, సన్నన్నం రుచి తెలిసినవాడు. ఏడాది పొడుగునా ఆ జొన్నలు దంచి, వండి, తిన్న పలనాటివారు ఆ చాటువులలో మాట్లాడరు. విసుగు పడడానికి కూడా వేరొకటి తెలిసి ఉండాలి. ఏకరూపత గురించిన కవిత ఎవరి నోటినుంచి వస్తున్నదన్న ప్రశ్న ఇక్కడే పుట్టింది.

పనిచేసేవారి నోటినుంచి వచ్చిన వాఙ్మయం దంపుళ్ళ పాటలు, తిరగలి పాటలు, ఏతం పాటలు, నాట్ల పాటలు. వీటిలో పునరావృత్తి వస్తువు కాదు, తాళం. రోలు చుట్టూ ఇద్దరు నిలబడి రోకళ్ళు మార్చిమార్చి వేస్తున్నప్పుడు ‘సువ్వి’ అన్న పదం రోకటిపోటు మీద పడుతుంది. ఒకరి పోటుకూ మరొకరి పోటుకూ నడుమ ఉన్న విరామాన్ని పాట నింపుతుంది. చేతులు ఒకే పనిని వందలసార్లు చేస్తుండగా నోరు కథలోకి వెళుతుంది. పాట పనిలోని మార్పులేనితనాన్ని వర్ణించదు, దాన్ని పంచుతుంది. అన్నమాచార్యులు ఈ దంపుడు వరుసను సంకీర్తనలోకి తీసుకోవడం, ఆ లయకు పనితో నిమిత్తం లేకుండా నిలిచే బలం ఉందనడానికి తార్కాణం. కాని రోకలి నుండి విడివడిన లయ అప్పటికే వేరొక వస్తువు. ధాన్యం మరపట్టడం, పిండి మరపట్టడం సర్వసాధారణమైన తరువాత పాటకు ఆధారమైన పని పోయింది. పని పోయినంతమాత్రాన ఏకరూపత పోలేదు. అది జంట రోకళ్ళను విడిచి ఒంటరి చేతుల్లోకి వచ్చింది. ఒంటరిగా చేసే పనికి పాట నిలవలేదు. వచనకవిత వచ్చి చేరిన ఖాళీ అది.

ఇక్కడ వ్యాకరణాన్ని కొంత వివరంగా ప్రస్తావించక తప్పదు. చిన్నయసూరి బాలవ్యాకరణం భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మార్థాన్ని వేరుగా గుర్తించింది. ఒకనాటి పనిని కాక, కర్తకు స్వభావంగానో అలవాటుగానో ఉన్న పనిని చెప్పేది తద్ధర్మక్రియ. ఆధునిక వ్యవహారభాషలో ఈ తద్ధర్మానికీ భవిష్యత్తుకూ రూపం ఒక్కటే. ‘ఆమె వండుతుంది’ అన్న వాక్యం ఆమె రోజూ చేసే పనిని చెబుతుంది, రేపు చేయబోయే పనినీ చెబుతుంది. ఏది ఉద్దిష్టమో సందర్భమే తేల్చాలి. ‘రోజూ’ అనో ‘రేపు’ అనో ఒక మాట చేర్చితే తప్ప అలవాటు వేరు, భవిష్యత్తు వేరు అని తెలుగు వాక్యం పట్టుపట్టదు. మామూలు సంభాషణలో ఇది గమనించదగిన విషయమే కాదు. దినచర్యను చెప్పే కవితలో మాత్రం ఇది సాధారణమైన విషయం కాదు. అలవాటు, భవిష్యత్తు ఒకే ప్రత్యయంతో ముగిసే భాషలో, రేపటికి నిన్నటికన్న వేరే రూపం లేని జీవితాన్ని చెప్పడానికి కవి ప్రత్యేకంగా ఏ ప్రతీకనూ వెతుక్కోనక్కరలేదు. క్రియను ఉన్నదున్నట్లు వాడితే చాలు.

రెండవది క్త్వార్థకం. లేచి, ఊడ్చి, చల్లి, కడిగి, రాజేసి, వండి, వడ్డించి: ఇంటిపని తెలుగులో సహజంగా ఈ వరుసలోనే వెలువడుతుంది. ప్రతి క్త్వార్థకమూ ఒక పని పూర్తయిందని చెబుతుంది. వాక్యం మాత్రం పూర్తికాదు. ముగిసిన ప్రతి పనీ తరువాతి పనికి పూర్వరంగం మాత్రమే. పైగా క్త్వార్థకానికీ చివరి సమాపకక్రియకూ కర్త ఒకరే కావాలన్నది సంస్కృతంలో పాణిని నాటి నియమం. వాన కురిసి చేను పండినట్లు తెలుగులో భిన్నకర్తృక ప్రయోగాలు లేకపోలేదు. అయినా ఏకకర్తృకమే ప్రధానమార్గం. ఆ నియమం ప్రకారం, వరుసలోని ఏడు పనులూ ఎవరు చేశారో చివరి క్రియ తేలుస్తుంది. ఈ నిర్మాణాన్ని గుర్తించి వాడుకున్న కవితకు, వాడుకోకుండా ‘ఎంత విసుగు’ అని ఉద్గారం చేసిన కవితకు ఉన్న అంతరమే ఈ వ్యాసానికి ప్రధానం.

ఆధునిక కవిత్వంలో నగరజీవి సాయంకాలాన్ని గట్టిగా పట్టుకున్నది శ్రీశ్రీ. మహాప్రస్థానం (1950) లోని ‘సంధ్యాసమస్యలు’ మీద ఆ సంపుటిలోని ఆవేశపూరిత గీతాల నీడ పడి చర్చ తక్కువగా జరిగింది. ఏ సినిమాకు పోవాలో తేలని విద్యార్థి, హోటల్లో ఏమి తినాలో తేలని ఉద్యోగి, ఎట్లా చావాలో తేలని సంసారి. మూడు ఖండికలకూ వాక్యపు చట్రం ఒక్కటే. చట్రం మారకపోవడం వల్లనే మూడవ సమస్య బరువు మొదటి రెండింటినీ వెనక్కు తిరిగి తాకుతుంది. శ్రీశ్రీ ఒక్క విశేషణమూ ఖర్చు చేయకుండా పునరుక్తితోనే విమర్శ నడిపాడు. మరొక సంగతీ ఉంది. విద్యార్థికి, ఉద్యోగికి రేపు సాయంకాలం మళ్ళీ అదే సమస్య ఎదురవుతుంది. సంసారికి రేపటి సాయంకాలం ఉండకపోవచ్చు. సుఖజీవికి మార్పులేనితనం, నిరుపేదకు ఆ మార్పులేనితనం కూడా దక్కకపోవడం ఒకే చట్రంలో ఇమిడాయి. అదే శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’లో పూర్వ నాగరికతల్లో సామాన్యుల బతుకు ఎట్లా గడిచిందని నిలదీశాడు. ప్రశ్న గొప్పది. ప్రశ్నగానే మిగిలింది, ఆ సామాన్యుని ఒక రోజు, ఉదయం నుండి రాత్రి దాకా, ఆ కవితలో లేదు.

తిలక్ ‘అమృతం కురిసిన రాత్రి’ సంపుటిలోని ‘తపాలా బంట్రోతు’ నిత్యకృత్యాన్నే వస్తువుగా ఎంచుకుంది. మిత్రునికి రాసిన ఉత్తరం రూపంలో నడవడం, ఉత్తరాలు మోసేవాడి గురించిన కవితే ఉత్తరం కావడం అందమైన కల్పన. గడపగడపకూ తిరిగేవాడికి తనదైన గడప లేకపోవడం అన్న వైరుధ్యాన్ని తిలక్ సుకుమారంగా పట్టుకున్నాడు. కాని కవిత ముగింపులో ఆ బంట్రోతు తీరం విడిచిపోయే ఒంటరి నౌకగా మారతాడు. పాఠకుని మనసులో నిలిచేది ఆ నౌక. ఎండలో వీధి, భుజాన సంచి, మళ్ళీ మర్నాటి సంచి వెనక్కు తగ్గుతాయి. ఇది తిలక్ ప్రతిభకు లోటు కాదు, అతని కవితామార్గానికి స్వభావం. నిత్యకృత్యం అతనికి బయలుదేరే చోటు, పదచిత్రం గమ్యం. బంట్రోతు మీద దయ కలుగుతుంది. బంట్రోతు రోజు ఎంత పొడుగో తెలియదు. అతన్ని చూస్తున్నది కిటికీ దగ్గర ఉత్తరం కోసం నిలబడ్డ మనిషి కనుక ఇంతకు మించి ఆశించడమూ న్యాయం కాదేమో.

దిగంబర కవులు నిత్యజీవితపు మందకొడితనం మీద బాహాటంగా తిరగబడ్డారు. 1965, 1966, 1968 సంవత్సరాలలో వెలువడిన మూడు సంపుటాలను ఒక రిక్షా కార్మికుడు, ఒక హోటలు పనివాడు, ఒక యాచకురాలు ఆవిష్కరించడం సాహిత్యచరిత్రలో నమోదైన విషయమే. సంవత్సరాలకు, ఋతువులకు, వారాలకు వారు కొత్త పేర్లు పెట్టుకున్నారు. పంచాంగాన్నే మార్చాలన్న ఈ సాహసాన్ని వింతపోకడగా కొట్టివేయడం తొందరపాటు. సోమవారం తరువాత మంగళవారం తప్పనిసరిగా వచ్చే కాలగతి మీద వారికి కలిగిన రోత నిజమైనది. అయితే వారు మార్చినది నామాన్ని, క్రియ చెక్కుచెదరలేదు. ఏ పేరున్న వారమైనా రిక్షా తొక్కేవాడు తొక్కవలసిందే. ఆవిష్కర్తలుగా వేదిక ఎక్కిన శ్రామికుల దినచర్య ఆ కవితల వాక్యనిర్మాణంలోకి రావలసినంతగా రాలేదు.

1980ల తరువాత వచ్చిన స్త్రీవాద కవిత్వం ఈ లోటును పూరించింది. ఓల్గా సంపాదకత్వంలో వెలువడిన ‘నీలిమేఘాలు’ (1993) సంకలనం నాటికి ఆ కవిత్వం ఒక ధారగా స్థిరపడింది. వస్తువైవిధ్యం దృష్ట్యా ఆ ధారలో ఎన్నదగిన కవితలు అనేకం. దినచర్య నిర్మాణం దృష్ట్యా విమల ‘వంటిల్లు’ వద్ద ఎక్కువసేపు ఆగవలసి ఉంటుంది.

ఆ కవితలో మూడు వంటిళ్ళున్నాయి. మొదటిది చిన్నతనపు వంటిల్లు: రుచులు, వాసనలు, దాపరికాలు, ఆటలు. రెండవది తల్లి వంటిల్లు: పొగ, చెమ్మ, గిన్నెల మధ్య దయ్యంలా తిరుగాడే తల్లి. మూడవది కవితలోని ‘నేను’ నడిపే వంటిల్లు: గ్యాసుపొయ్యి, గ్రైండరు, సింకు. కట్టెపొయ్యి పోయి గ్యాసు రావడం సామాజిక చరిత్రలో చిన్న మార్పు కాదు. రాయల పద్యంలోని ఇల్లాలు పడిన అవస్థ ఈ మూడవ వంటింట్లో లేదు. కవిత ఆ మార్పును దాచిపెట్టదు, తగ్గించి చెప్పదు, పూర్తిగా ఒప్పుకుంటుంది. ఒప్పుకున్న తరువాత గిన్నెల మీద చెక్కిన పేరు దగ్గరకు పాఠకుణ్ణి తీసుకువెళుతుంది. తల్లి గిన్నెల మీద ఉన్నది తండ్రి పేరు. కూతురి గిన్నెల మీద ఉన్నది భర్త పేరు. ఈ ఒక్క విషయం కవితలో రెండుసార్లు వస్తుంది. మాట మారుతుంది, స్థితి మారదు. పెళ్ళికి స్టీలు గిన్నెల మీద పేరు చెక్కించి ఇచ్చే ఆచారం తెలుగు ఇళ్ళలో ఎంత మామూలో తెలిసినవారికి ఈ గుర్తు కల్పనగా తోచదు. అలమరలోంచి ఏ గిన్నె తీసినా చేతికి తగిలే పేరు అది.

తల్లి చేతులు గరిటెలుగా మారిపోయిన చిత్రణను ఈ కవితలోని ఉత్తమ పదచిత్రంగా పేర్కొనవచ్చు. కాని తిలక్ నౌకకూ దీనికీ భేదం ఉంది. నౌక తపాలా వీధికి బయటిది. ఆ మనిషిని వీధిలోంచి ఎత్తి సముద్రంలో పెడుతుంది. గరిటె వంటింటికి బయటిది కాదు. పోలిక కోసం కూడా ఆ తల్లికి వంటగది దాటే అవకాశం లేదు. ఉపమానం ఉపమేయం చేతిలోని పనిముట్టే అయినప్పుడు అలంకారం విడుదల కావడం మానేసి గోడగా మారుతుంది. కలలో సైతం వంటింటి వాసన వదలకపోవడం ఆ గోడకు కొనసాగింపు. వంట, వడ్డన, ఎంగిలి తీయడం, తిరిగి వంట అన్న వరుసను కవిత చుట్టు తిప్పుతుంది. ఆ చుట్టులో ఏ పనీ చివరిది కాదు.

ముగింపులో క్రియ మారుతుంది. అప్పటిదాకా జ్ఞాపకంలోనూ అలవాటులోనూ నడిచిన కవిత, ఈ వంటగదులను ధ్వంసం చేద్దాం రమ్మని పిలుపునిస్తుంది. ఈ ముగింపును నినాదమని తేలికగా తోసిపుచ్చిన చదువరులున్నారు. క్రియారూపాన్ని గమనిస్తే ఆ ఆక్షేపణ బలహీనపడుతుంది. అలవాటుకు, భవిష్యత్తుకు ఒకే రూపం ఉన్న భాషలో, అలవాటు నుండి బయటపడిన రేపటిని చెప్పడానికి మామూలు భవిష్యత్ క్రియ సరిపోదు. ‘పగలగొడతాం’ అంటే రోజూ పగలగొడతామన్న అర్థానికీ అడ్డు లేదు. పిలుపును సూచించే క్రియకు ఆ సందిగ్ధత లేదు. అది అలవాటును చెప్పజాలదు. పైగా అంతవరకు ఒంటరిగా ఉన్న ‘నేను’ అక్కడ ‘మనం’ అయింది. నినాదప్రాయంగా కనిపించే ఆ వాక్యం వ్యాకరణరీత్యా కవిత వెతుకుతూ వచ్చిన మార్గం.

పునరుక్తి అభియోగానికి ఇప్పుడు తిరిగి రావచ్చు. పునరుక్తిని దోషంగా చెప్పిన దండే, అనుకంప వంటి భావాల అతిశయాన్ని చెప్పదలచినప్పుడు అది దోషం కాకపోగా అలంకారమే అవుతుందని మినహాయింపు ఇచ్చాడు. కాబట్టి ‘వచ్చిన మాటే మళ్ళీ వచ్చింది’ అన్నంతమాత్రాన తీర్పు పూర్తికాదు. ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. పునరుక్తమైన భాగాన్ని కవితలోంచి తీసివేసినప్పుడు పోయేది కేవలం నొక్కు అయితే అది దోషమే. పోయేది కాలమైతే, అంటే ఒక దినమో ఒక తరమో లెక్కలోంచి జారిపోతే, అది వస్తువు. గిన్నెల మీది పేరును రెండవసారి తీసివేస్తే ‘వంటిల్లు’లో ఒక తరం మాయమవుతుంది. ‘సంధ్యాసమస్యలు’లో రెండవ ఖండికను తీసివేస్తే చట్రం చట్రంగా గుర్తుకు రాదు.

ఈ పరీక్ష స్త్రీవాద కవిత్వానికి ఏకపక్షంగా అనుకూలం కాదు. ‘వంటిల్లు’ తరువాత ఆ దారిలో వచ్చిన కవితలలో కొన్ని వంటింటి వస్తువులను జాబితా వేసి ఊరుకున్నాయి. అట్లకాడ, పోపులపెట్టె, కుక్కరు, అంట్లు. వరుస ఎంత పొడుగైనా అవి నామవాచకాలు. వాటిమధ్య కాలం నడవదు. అక్కడ ఒక వస్తువును తీసివేసినా, మరో రెండు చేర్చినా కవితకు వచ్చే నష్టమూ లాభమూ లేవు. వాటి విషయంలో ‘వచనప్రాయం’ అన్న మాట నిలుస్తుంది. విమర్శ చేయవలసిన పని ఈ రెండింటినీ వేరుచేయడం. రెండింటినీ ఒకే గాటన కట్టి మెచ్చుకోవడమూ, ఒకే గాటన కట్టి తోసిపుచ్చడమూ చదవకుండా తప్పించుకునే పద్ధతులే.

వంటింటి కవిత ఏకరూపతకు సంపూర్ణ ప్రాతినిధ్యం వహిస్తుందనడం మరొక పొరపాటు. జూపాక సుభద్ర ‘కొంగు’ ఈ విషయాన్ని సూటిగా ముందుకు తెచ్చింది. పైటను తగలెయ్యాలన్న జయప్రభ కవితకు ఎదురుగా నిలిపి దీన్ని చదవడం వాడుకలోకి వచ్చింది. ఆ చర్చ అవసరమైనదే. దాని వేడిలో మరుగున పడిన అంశం మాత్రం ఒకటుంది. ‘కొంగు’లో ఆ గుడ్డ సింగారమో సంకెలో కాదు, పనిముట్టు. పనిలో, మోతలో, అలసటలో తోడుండే వస్తువు. దాని ఉపయోగాలను కవిత ఒక్కొక్కటే చెబుతూ పోతుంటే కూలిపనికి పోయే దళిత స్త్రీ రోజు పాఠకుని ముందు పరచుకుంటుంది. ఇక్కడ జాబితా జాబితాగా మిగలదు. ఒకే గుడ్డకు ఒక్కో పనీ ఒక్కో వేళను అంటిస్తుంది. పైగా ఈ స్త్రీకి ఇంటిపని, బయటిపని అన్న హద్దు లేదు. గ్యాసుపొయ్యి, టైల్సు ఉన్న వంటగదిలోని నిర్బంధం ఆమె అనుభవం కాదు. ఆమె ఏకరూపత ఆరుబయటిది. పొద్దుతో మొదలై, మరొకరి పొలంలో సాగి, తన పొయ్యి దగ్గర తేలేది.

ఈ కవిత దంపుళ్ళ పాటల గురించి పైన చెప్పిన మాటను సైతం సవరించుకోమంటుంది. జంట రోకళ్ళ లయ పనిని పంచిందన్నది వాస్తవమే. రోలు ఎవరి లోగిలిది, బియ్యం ఎవరి ఇంటికి పోయాయి, దంచినవారికి దక్కినది నూకలా తవుడా అన్న లెక్క ఆ లయలో వినబడదు. విమల కవిత చివర కోరినదానిలో ‘ఒంటరి’ అన్న విశేషణం ఉంది. ధ్వంసం కావలసినవి వంటగదులు మాత్రమే కావు, ఒంటరి వంటగదులు. ఇద్దరి చేతుల్లో ఉన్న పని ఒక్కరి చేతికి మిగిలిన చరిత్ర ఆ విశేషణంలో ఉంది. ఆ ఇద్దరిలో రెండవ రోకలి పట్టినది ఇంటి మనిషా, కూలికి వచ్చిన మనిషా అన్నది మాత్రం ‘కొంగు’ చదివిన తరువాతనే అడగగలిగిన ప్రశ్న.